గుల్లల కూర : ఏ నీటి గుల్ల తినదగినది? - ఇస్నాపూర్ ప్రాంత రైతులకు, గ్రామాధికారులకు కొన్ని సూచనలు

చేపను గూర్చి, రొయ్యను గూర్చి మన రైతులకు కొత్తగా చెప్పవలసినది కొద్దియే. గుల్లలను గూర్చి మాత్రము తెలిసినవారు తక్కువ. సముద్రతీరమున నివసించువారికి గుల్ల నిత్యాహారము. మెట్ట ప్రాంతము వారికి అది చెరువు అడుగున కాలికి తగులు చిప్ప మాత్రమే. అయినను ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు ప్రాంతములలో నేడు ఈ విషయము తెలిసికొనవలసిన అవసరము ఏర్పడినది. ఇందుకు కారణములు రెండు. మొదటిది, కర్మాగారములలో పనిచేయుటకు కోస్తా జిల్లాల నుండి, ఒడిశా, బెంగాల్, బీహారుల నుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట కాపురమున్నవి. వారిలో అనేకులకు నత్తలు, గుల్లలు చిన్ననాటి నుండి అలవాటైన కూర. రెండవది, నగరపు చేపల అంగళ్లలో మంచుపెట్టెలలో వచ్చు సముద్రపు గుల్లలు ఇప్పుడు మన ప్రాంతపు వారికిని అందుచున్నవి.

కావున రెండు ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్పుదుము. సముద్రపు గుల్లను ఎట్లు కొని, ఎట్లు వండుకొనవలెను? మన చెరువులోని గుల్లను తినవచ్చునా, కూడదా? రెండవ ప్రశ్న మొదటిదానికన్న ముఖ్యమైనది.

మంగలికత్తి గుల్ల

సముద్రపు గుల్లలలో ఒక జాతిని ఇంగ్లీషున రేజర్ క్లామ్ అందురు. మడచిన మంగలికత్తి పిడి ఎట్లుండునో దీని పెంకు అట్లుండును. సన్నగా, పొడవుగా, రెండు రేకులు ఎదురెదురుగా అమర్చినట్లు కనబడును. జాతిని బట్టి వేలు పొడవు నుండి జానెడు పొడవు వరకు పెరుగును. సముద్రపు ఒడ్డున, నీరు వెనుకకు తీసిన ఇసుకలో నిలువుగా బొరియ చేసికొని నివసించును. దీని కండగల పాదము ఎంత బలమైనదనగా, అలికిడి కాగానే క్షణములో ఇసుకలోనికి దిగిపోవును. బొరియ నోటిలో చిటికెడు ఉప్పు వేసినచో పైకి తన్నుకొని వచ్చును. జపానులోను, ఐరోపా తీరములలోను పిల్లలు సహా దీనిని ఇట్లే పట్టుదురు. స్పెయిన్ దేశమున ఇది ప్రీతికరమైన వంటకము. చైనాలో ఇటువంటి గుల్లనే బురద మళ్లలో పంటవలె పెంచుచున్నారు. మన దేశమున కొంకణ తీరమందు రత్నగిరి ప్రాంతమున దీనిని తినుట కలదు.

మన తెలుగు తీరమున ఎక్కువగా దొరకునది మంగలికత్తి గుల్ల కాదు. కాకినాడ అఖాతమున దొరకు గుండ్రని గుల్లలు ప్రసిద్ధములు. వాటిలో ఒక జాతికి రక్తము ఎర్రగా నుండును. అందుచే ఇంగ్లీషున దానిని రక్తపు గుల్ల అందురు. తరతరములుగా మనవారు గుల్లను తిండికన్న సున్నమునకే ఎక్కువగా వాడిరి. గుల్లసున్నము మాట ఎరుగని తెలుగు ఇల్లు లేదు. కేరళలో మాత్రము గుల్ల మాంసమునకు మంచి గిరాకి కలదు. కొల్లం వద్ద అష్టముడి కాయలు గుల్లల వేటను క్రమపద్ధతిలో నడుపుచున్నందుకు 2014లో అంతర్జాతీయ ధ్రువీకరణ లభించినది. మన దేశమున అట్టి ధ్రువీకరణ పొందిన మొదటి వేట అదియే.

ఆహారముగా గుల్ల మంచిదే. పచ్చి మాంసమున నూటికి 10 నుండి 15 పాళ్లు మాంసకృత్తులుండును. కొవ్వు మిక్కిలి తక్కువ. ఇనుము, జింకు, బి-12 విటమిను హెచ్చుగా నుండును. రక్తహీనత గల స్త్రీలకు ఇవి మేలుచేయునవే. అయితే ఇదంతయు గుల్ల పెరిగిన నీరు మంచిదైనప్పుడు మాత్రమే నిజము. ఎందుచేతనో చూతము.

గుల్ల తిండి తినుతీరు

ఆవు మేతను వెదకికొని పోవును. చేప ఎరను వెంబడించును. గుల్ల ఎచ్చటికిని పోదు. ఉన్నచోటనే ఉండి, ఒక గొట్టముతో నీటిని లోనికి పీల్చి, మొప్పల జల్లెడలో వడగట్టి, నాచు కణములను మింగి, మిగిలిన నీటిని రెండవ గొట్టముతో బయటికి వదలును. ఈ పని రాత్రింబవళ్లు జరుగుచునే యుండును. ఒక్కొక్క గుల్ల రోజుకు అనేక లీటర్ల నీటిని ఇట్లు వడగట్టును.

మన ఇంట నీరు వడగట్టు గుడ్డను తలచుకొనుడు. నీరు తేటగా పోవును, మురికి గుడ్డలో నిలుచును. ఆ గుడ్డను తినువారుందురా? గుల్లను తినుటయన్నచో దాదాపు అట్టిదే. నీటిలో సూక్ష్మజీవులున్నచో అవి గుల్ల కడుపున చేరును. సీసము, కాడ్మియము, ఆర్సెనిక్, పాదరసము వంటి లోహములున్నచో అవి దాని మాంసమున కూడి, నీటిలో నున్న దానికన్న ఎన్నోరెట్లు హెచ్చగును. నీటిని పరీక్షించినప్పుడు లోహము అంతగా కనబడకపోవచ్చును. అదే నీటిలో ఏండ్లు గడిపిన గుల్లను పరీక్షించినచో కనబడును.

ఇందుచేతనే శాస్త్రజ్ఞులు గుల్లను నీటి కాపలాదారుగా వాడుకొనుచున్నారు. ప్రపంచ తీరములన్నిట గుల్లలను సేకరించి పరీక్షించి, సముద్రపు కాలుష్యమును కొలువవచ్చునని 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అను అమెరికా శాస్త్రవేత్త సూచించెను. 1986 నుండి ఆ దేశము తన తీరమంతట ఈ పని చేయుచున్నది. పట్వారీ పహాణీలో ఏ యేటి పంట ఆ యేట వ్రాసినట్లు, గుల్ల తన ఒంటిలో నీటి లెక్క వ్రాసికొనుచుండును. చదువ నేర్చినవారికి అది మంచి పుస్తకము. తినువారికి మాత్రము ఆ వ్రాతయంతయు కడుపులోనికే పోవును.

మన చెరువులోని జీవులు

మన చెరువులలో రెండు తెగల జీవులున్నవి. వీటిని వేరుగా గుర్తించుట అవసరము.

ఒకటి, రెండు రేకుల ఆల్చిప్ప. నల్లగా గాని, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగున గాని అరచేతిలో పట్టునంత యుండును. లోపల ముత్యపు మెరుపు కలదు. మంచినీటి ముత్యముల పెంపకమునకు వాడునది ఈ తెగయే. దీని పిల్లలు పుట్టగానే చేపల మొప్పలకు, రెక్కలకు అంటుకొని కొన్నాళ్లు పెరిగి, పిదప రాలి అడుగున చేరును. కనుక చేపలు లేని చెరువున ఆల్చిప్పలు నిలువవు.

రెండవది, నత్త. ఒకే పెంకు, చుట్టలు చుట్టుకొని యుండును. నత్త ఆల్చిప్పవలె నీటిని వడగట్టుటపైననే ఆధారపడి బ్రతుకదు. నాచును, కుళ్లిన ఆకును, అడుగు బురదపై నున్న పదార్థమును గీకి తినును. బురదలో విషముండిన నత్తకును ఎక్కును. అదియుగాక ఎలుకల ఊపిరితిత్తులలో నుండు ఒక పురుగు తన జీవితమున కొంతకాలము నత్తలో గడుపును. నత్తను పచ్చిగా గాని, సగము ఉడికించి గాని తిన్నవారికి ఆ పురుగు మెదడు పొరలకు వాపు తెచ్చును. విపరీతమైన తలనొప్పి, మెడ బిగియుట, వాంతులు దాని లక్షణములు.

ఇస్నాపూర్ చుట్టునున్న నీటి కథ

తెలంగాణపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకదాని మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరును. ఈ ఏర్పాటు కాకతీయుల నాటి నుండి మనకు అన్నము పెట్టినది. అయితే పైచెరువులో కలిసినది క్రింది చెరువుకు చేరుననుట కూడ ఈ గొలుసులోని నియమమే.

పటాన్‌చెరు ప్రాంతమున 1970 దశకమున పారిశ్రామికవాడ వెలసినది. పిదప బొల్లారం, ఖాజీపల్లి, ఇస్నాపూరును ఆనుకొనియున్న పాశమైలారం ప్రాంతములకు కర్మాగారములు విస్తరించినవి. మందులు, రసాయనములు తయారుచేయు కర్మాగారములు వీటిలో అనేకము. ఈ ప్రాంతపు వాగులు నక్కవాగులో చేరును. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. గోదావరి నీరు చివరకు సముద్రమున, గుల్లలు దొరకు తీరములకే చేరును. ఇస్నాపూరు నుండి సముద్రము 300 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నను, నీటికి ఆ దారి తెలియును.

ఈ ప్రాంతపు నీటి కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలైనది. పంటలు, పశువులు నష్టపోయిన రైతుల గోడు అప్పుడే దేశమునకు తెలిసినది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించిన ఫలితములు ప్రకటించిరి. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలము ఆ కేంద్రమునకు చేరుచుండెడిది. శుద్ధియైన పిదపను లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు కలదని తేలినది. మందు మింగిన రోగి రక్తములో నుండు మోతాదుకన్న ఇది హెచ్చు. 2009లో ప్రకటించిన మరియొక పరిశోధనలో ఈ ప్రాంతపు చెరువులలో సైతము ఈ మందు కనబడినది. ఒక చెరువున లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు ఉండెను. అదే సంవత్సరము కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కించిన సూచికలో పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతమునకు 70.07 మార్కులు వచ్చినవి. 70 దాటినది తీవ్ర కాలుష్య ప్రాంతమని ఆ లెక్క.

ఆ తరువాత కొన్ని మార్పులు జరిగినవి. ఉమ్మడి కేంద్రపు నీటిని వాగులో వదలక, గొట్టపు మార్గమున హైదరాబాదులోని అంబర్‌పేట మురుగునీటి శుద్ధికేంద్రమునకు పంపు ఏర్పాటు చేయబడినది. అయినను చెరువుల కష్టము తీరలేదు. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువున చేపలు పెద్దసంఖ్యలో చచ్చి తేలినవి. ఆ చేపలపై ఆశపెట్టుకొన్న మత్స్యకారుల కుటుంబముల నష్టము ఊహింపవచ్చును.

ఇచ్చట ఒక మాట గుర్తుంచుకొనవలెను. నీరు ఏటేట మారును. వానకు క్రొత్త నీరు వచ్చి, పాతనీరు పోవును. అడుగు బురద అంత తొందరగా మారదు. పదియేండ్ల క్రిందట దిగిన లోహము ఇంకను బురదలో నుండవచ్చును. గుల్ల, నత్త నివసించునది ఆ బురదలోనే.

పొయ్యిపై పోవునవి, పోనివి

గ్రామసభలలో తరచుగా వినబడు ప్రశ్న ఒకటి కలదు. "బాగా ఉడకబెడితే విషం పోదా సార్?" అని అడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో ఈ పాఠము సగము తెలిసినట్లే.

గుల్ల వలన వచ్చు కీడు మూడు విధములు.

మొదటిది, క్రిములు. ఇవి మురుగునీటి నుండి వచ్చును. కామెర్లు, విరేచనములు, వాంతులు కలిగించును. బాగుగా ఉడికించినచో ఇవి చచ్చును. గుల్ల లోపలి మాంసము 90 డిగ్రీల వేడిలో కనీసము 90 సెకండ్లు ఉడకవలెను. 1988లో చైనా దేశపు షాంఘై నగరమున సుమారు 3 లక్షల మందికి కామెర్లు వచ్చినవి. మురుగు కలిసిన నీటిలోని రక్తపు గుల్లలను వేడినీట ముంచి తీసి, సగము పచ్చిగా తినుటయే కారణమని తేలినది. మన కాకినాడ అఖాతమున దొరకు రక్తపు గుల్ల ఆ వర్గపుదే. బాగా ఉడికించి తిన్న మన పెద్దల అలవాటు ఎంత మంచిదో దీనివలన తెలియును.

రెండవది, సముద్రపు నాచు విషము. కొన్ని ఋతువులలో సముద్రమున ఒక జాతి సూక్ష్మమైన నాచు విపరీతముగా పెరుగును. దానిని తిన్న గుల్లకు కీడు లేదు. ఆ గుల్లను తిన్న మనిషికి కలదు. తిన్న కొద్దిసేపటికే పెదవులు, నాలుక చిమచిమలాడి, తిమ్మిరియెక్కి, పిదప ఊపిరి కష్టమగును. తమిళనాడులోని వాయలూరున 1981లో ముగ్గురు, కేరళలోని విళిణ్యంలో 1997లో ఏడుగురు ఇట్లు మరణించిరి. ఈ విషము ఉడికించినను పోదు. లక్షణములు కనబడగానే 108 వాహనమును పిలిపించి ఆసుపత్రికి చేర్చవలెను. నాటువైద్యము చేయుచు కాలము గడపరాదు.

మూడవది, లోహములు, కర్మాగారపు రసాయనములు. లోహము ఉడికినను, వేగినను, ఎండినను లోహమే. సీసపు గుండును ఎంతసేపు కాచినను అది సీసముగానే యుండును గదా. పసుపు, చింతపండు, ఉప్పు, నిమ్మరసము దీనిని తీయలేవు. ఒక పూట తిన్నందున ఏమియు కనబడదు. అందుచే తినువారు "మాకేమీ కాలేదు" అందురు. ఏండ్ల తరబడి తిన్నప్పుడు కాడ్మియము మూత్రపిండములను, సీసము పిల్లల మెదడును, ఆర్సెనిక్ చర్మమును పాడుచేయును. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, చిన్నపిల్లలకు ప్రమాదము హెచ్చు.

ఈ మూడవ కీడునకు ప్రపంచమంతటికి తెలిసిన దృష్టాంతము జపానులోని మినమాటా. అచ్చట ఒక రసాయన కర్మాగారము పాదరసము కలిసిన నీటిని అఖాతమున వదలినది. అది చేపలలో, గుల్లలలో చేరినది. మొదట పిల్లులు పిచ్చియెత్తినట్లు గిరగిర తిరిగి చచ్చినవి. పిదప మనుషులకు కాళ్లు చేతులు వణకుట, చూపు మాట తగ్గుట మొదలైనవి. 1956 మే 1న ఈ వ్యాధి అధికారుల దృష్టికి వచ్చినది. కారణము కర్మాగారపు నీరేయని ప్రభుత్వము ఒప్పుకొనునప్పటికి 1968వ సంవత్సరము వచ్చినది. 2,000 మందికి పైగా రోగులుగా ధ్రువీకరింపబడిరి. వారిలో అధికులు రోజూ తాము పట్టిన చేపను, గుల్లను తిను బీద జాలరి కుటుంబములవారు. మన చెరువులు మినమాటాయని ఇందు భావము కాదు. నీటిలో కలిసినది మొదట బీదవాని కంచములోనికే చేరునని తెలియుటకు ఈ సంగతి చెప్పబడినది.

కాబట్టి నియమమేమి?

పై వివరములను బట్టి ఇస్నాపూర్ ప్రాంతమునకు ఈ క్రింది నియమములు చెప్పవచ్చును.

1. కర్మాగారములకు దిగువనున్న చెరువు, కుంట, వాగులలోని ఆల్చిప్పలను, నత్తలను పరీక్ష జరిగి మంచివని తేలువరకు తినరాదు, అమ్మరాదు. నీరు తేటగా కనబడుట మంచితనమునకు గుర్తు కాదు.

2. ఇట్టి గుల్లలను పొడిచేసి కోళ్లకు సున్నపు మేతగా పెట్టరాదు. బాతులను ఇట్టి కుంటలలో మేపరాదు. బాతు నత్తను తినును, మనము బాతును తిందుము.

3. అట్టి చెరువు పూడికమట్టిని పొలమునకు తోలుటకు ముందు పరీక్ష చేయించవలెను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో అనేక గ్రామముల రైతులు పూడికమట్టి తోలుకొని మేలుపొందిరి. వాన నీరు మాత్రమే చేరు చెరువుల మట్టికి ఆ మాట వర్తించును. కర్మాగారపు నీరు కలిసిన చెరువు మట్టికి వర్తింపదు.

4. గుల్లలు తినగోరువారు సముద్రపు గుల్లలను తెలిసిన అంగడిలో కొనవలెను. ఏ రేవు నుండి వచ్చినవో అడుగవలెను. చెప్పలేనివాని వద్ద కొనరాదు.

కొనుట, శుభ్రపరచుట

ప్రాణముతో నున్న గుల్ల పెంకును గట్టిగా మూసికొనియుండును. నోరు తెరచియున్నచో వేలితో తట్టవలెను. మూసికొన్నచో బ్రతికియున్నట్లు, మూసికొననిచో చచ్చినట్లు. చచ్చినదానిని పారవేయవలెను. మంగలికత్తి గుల్ల విషయమున ఒక భేదము కలదు. దాని పెంకు రెండు చివరల సహజముగనే తెరచియుండును. కావున దాని పాదమును తాకి చూడవలెను. లోనికి ముడుచుకొన్నచో బ్రతికియున్నది. చివరలు తెరచియుండుటచే ఈ గుల్ల త్వరగా ఎండిపోవును. అందుచే మంచి వర్తకులు వీటిని కట్టలుగా కట్టి, తడి గుడ్డలో చుట్టి యుంచుదురు.

మంచుపెట్టెలో గడ్డకట్టించి వచ్చినదానికి ఈ పరీక్ష పనికిరాదు. దాని పొట్లముపై తయారైన తేది, గడువు తేది, లైసెన్సు సంఖ్య చూడవలెను. ఒకసారి కరగినదానిని మరల గడ్డకట్టించరాదు.

కిలో గుల్లలు కొన్నచో కిలో కూర రాదు. మామూలు గుండ్రని గుల్లలలో బరువంతయు పెంకుదే. కిలోకు 100 నుండి 200 గ్రాముల మాంసము మాత్రము వచ్చును. ధర బేరము చేయునప్పుడు ఈ లెక్క గుర్తుంచుకొనుడు.

గుల్ల కడుపున ఇసుక యుండును. దానిని తీయుటకు లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీట బ్రతికియున్న గుల్లలను చల్లనిచోట రెండుమూడు గంటలుంచవలెను. సముద్రపు నీటి ఉప్పదనము సుమారు అంతే. మంచినీట వేసినచో ఇసుక వదలక చచ్చును. ఇట్లు నానబెట్టుటచే ఇసుక పోవును గాని లోహము పోదనుట మరువరాదు.

వండు విధము

వెడల్పు గిన్నెలో గుక్కెడు నీరు పోసి, పసుపు చిటికెడు వేసి, గుల్లలను మూతపెట్టి ఉడికించవలెను. పెంకులు తెరచుకొనిన పిదప మరి నాలుగైదు నిమిషములు ఉడకనీయవలెను. అప్పటికిని తెరచుకొనని గుల్లను కత్తితో తెరువరాదు, పారవేయవలెను. ఉడికిన నీటిని పలుచని గుడ్డతో వడగట్టి ఉంచుకొనవలెను. రుచియంతయు అందే కలదు. మంగలికత్తి గుల్లలోనైన మధ్యనుండు నల్లని కడుపు సంచిని కోసివేసి, తెల్లని కండను అంగుళము ముక్కలుగా తరుగవలెను.

మూకుడులో నూనె కాగిన పిదప ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లము వెల్లుల్లి ముద్ద వేయించి, కారము, ధనియాల పొడి వేసి, గుల్లల నీటిని పోసి దగ్గరకు రానీయవలెను. మాంసమును చివర వేసి రెండు నిమిషములలో దించవలెను. మాంసము ముందే ఉడికియున్నది గనుక ఎక్కువసేపు మరిగించినచో రబ్బరువలె సాగును. వేసవి మొదట మన ప్రాంతమున చింతచిగురు వచ్చును. రొయ్యలలో వేసినట్లే గుల్లలలోను చింతచిగురు చక్కగా కుదురును. ఉప్పు చివర రుచిచూచి వేయవలెను. గుల్లనీటిలో ఉప్పు ముందే కలదు.

గుల్లలు, రొయ్యలు పడనివారు కొందరుందురు. ఒంటిపై దద్దుర్లు, పెదవుల వాపు వచ్చినచో మరల తినరాదు.

గ్రామాధికారులు, సంఘములు చేయదగిన పనులు

తినవద్దని చెప్పుట సులభము. మత్స్యకారుల సహకార సంఘమునకు చెరువే జీవనాధారము. 2016 నుండి ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకము నడిచినది. సంఘసభ్యులు వలలకు, కాపలాకు సొమ్ము పెట్టుదురు. "ఆ చెరువు చేప మంచిది కాదట" అను పుకారు పుట్టినచో, నేరము చేయని మత్స్యకారుడే మొదట నష్టపడును. కావున పుకారునకు విరుగుడు పరీక్షయే. పరీక్షలో మంచిదని తేలినచో ధైర్యముగా అమ్ముకొనవచ్చును. చెడ్డదని తేలినచో నష్టపరిహారము అడుగుటకు ఆ కాగితమే ఆధారమగును.

ఈ క్రింది పనులు ఖర్చులేనివి.

మొదట, చెరువునకు నీరు వచ్చు కాలువలన్నిటి పటము గీసి, ఏ కాలువ ఏ కర్మాగారము ప్రక్కనుండి వచ్చునో గుర్తించి పంచాయతీలో నుంచవలెను. వానాకాలమున మొదటి రెండు పెద్దవానలకు ఈ కాలువలను స్వయముగా చూచి రావలెను. దాచిన మురుగును వానతోపాటు వదలుట ఆ సమయముననే జరుగును.

రెండు, చేపలు చచ్చిన దినమున తొందరపడక గమనింపవలెను. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచి, పెద్దచేపలు ముందుగా చచ్చినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి యుండవచ్చును. ఇండ్ల మురుగు, గుర్రపుడెక్క ఎక్కువైన చెరువున ఇట్లగును. వేళాపాళా లేక చిన్న, పెద్ద చేపలతోపాటు నత్తలు, కప్పలు కూడ చచ్చినచో విషము కలిసినదని అనుమానింపవలెను. ఆల్చిప్ప పెంకు మూసికొని కొన్నాళ్లు ఓర్చుకొనగలదు. కావున అది చావకుండుట చెరువు మంచిదనుటకు సాక్ష్యము కాదు.

మూడు, చచ్చిన చేపలను అమ్మనీయరాదు, ఎండబెట్టనీయరాదు. పది చేపలను, పది గుల్లలను శుభ్రమైన సంచులలో మంచుపై ఉంచవలెను. నీరు వచ్చు చోట, చెరువు మధ్య, తూము వద్ద వేరువేరు సీసాలలో నీరు పట్టి, తేది, వేళ, చోటు వ్రాసి అంటింపవలెను. ఐదుగురి సంతకములతో పంచనామా వ్రాయవలెను.

నాలుగు, అదే దినమున కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమునకు, మత్స్యశాఖ అధికారికి తెలుపవలెను. 1974 నాటి నీటి కాలుష్య చట్టము ప్రకారము న్యాయస్థానమున చెల్లునది మండలి అధికారి పద్ధతి ప్రకారము తీసిన నమూనాయే. మీ సీసా దానికి బదులు కాదు. కాని అధికారి వచ్చుటకు ఆలస్యమైనచో, మొదటినాటి నీరు ఎట్లున్నదో చెప్పుటకు మీ సీసాయే మిగులును.

ఐదు, సంవత్సరమునకు ఒకసారి వేసవిలో నీరు తగ్గినప్పుడు, నీటితోపాటు బురదను, గుల్ల మాంసమును కూడ పరీక్షకు పంపుమని మండలిని వ్రాతపూర్వకముగా కోరవలెను. నీటిని మాత్రము పరీక్షించి మంచిదని చెప్పుట చాలదు. సముద్రపు గుల్లలలో కాడ్మియము కిలోకు 2 మిల్లీగ్రాములు దాటరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణము కలదు. ఫలితము వచ్చినప్పుడు దీనితో పోల్చి చూడవచ్చును.

ఆరు, అద్దెయిండ్లలో నున్న వలస కుటుంబములకు ఈ సంగతి వారి భాషలో చెప్పించవలెను. వారి ఊరిలో నత్తను ఏరి వండుట తప్పు కాదు. వారికి ఈ చెరువు చరిత్ర తెలియదు. మన పెద్దలకు తెలియును. తెలిసినవారు చెప్పకపోవుటయే తప్పు. చెరువుకట్టపై తెలుగున, హిందీలో, ఒడియాలో మూడు వాక్యముల పలక పెట్టించుటకు పెద్ద ఖర్చు కాదు.

రెండు సందేహములు

"చెరువు చేపను కూడ మానవలెనా?" అని కొందరడుగుదురు. చేప గుల్లవలె నీటిని వడగట్టి బ్రతుకదు, త్వరగా పెరుగును, ఏడాదిలోపల పట్టబడును. కనుక సాధారణముగా గుల్లకన్న తక్కువ కూడబెట్టును. అయినను కర్మాగారపు నీరు చేరు చెరువు చేపను పరీక్షలేక మంచిదనుటకు వీలులేదు. ముఖ్యముగా తల, పేగులు, కాలేయము తినరాదు.

"బోరునీటితో తొట్టి కట్టి చేపలు పెంచవచ్చునా?" అని మరికొందరడుగుదురు. పెంచవచ్చును. ఈ ప్రాంతమున భూగర్భజలము కూడ చెడిన తావులున్నవి గనుక, చేపపిల్లలు కొనుటకు ముందే బోరునీటిని పరీక్ష చేయించుడు. పరీక్షకయ్యెడి రుసుము, చచ్చిన చేపల నష్టముకన్న తక్కువ.

గుల్ల మంచి ఆహారమా, చెడ్డ ఆహారమా అనునది గుల్లను బట్టి లేదు, నీటిని బట్టియున్నది. ఈ వేసవిలో మీ చెరువు అడుగు బయటపడినప్పుడు నాలుగు ఆల్చిప్పలు ఏరి, వంటింటికి గాక పరీక్షకు పంపుడు. ఫలితము వ్రాసిన కాగితమును పంచాయతీ గోడపై అందరు చదువునట్లు అంటించుడు.